లాబ్రడారా, గోల్డెనా అని అడిగే ముందు

మా బావగారు గైడ్ డాగ్‌తో, అంటే చూపు సరిగ్గా లేనివాళ్ళని నడిపించే కుక్కతో, తిరగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌ల్లో సగం ఒకటే ప్రశ్న, "ఏ బ్రీడ్ అయితే మంచిదండీ?" అని. ఒకళ్ళ బాబుకి ఆటిజం, ఒకళ్ళ మామగారికి చెవులు సరిగ్గా వినపడట్లేదు, ఒకళ్ళ అమ్మాయికి టైప్ 1 షుగర్, ఇంకొకావిడకి మోకాళ్ళు పోయి మెట్లు దిగాలంటే భయం. సమస్య ఎవరిది వాళ్ళది, దానికి సాయపడేలా ట్రైనింగ్ ఇచ్చిన కుక్క, అంటే సర్వీస్ డాగ్, కావాలంటారు. అడిగేది మాత్రం అందరూ ఒకటే, లాబ్రడారా గోల్డెన్ రిట్రీవరా జర్మన్ షెపర్డా, ఎక్కడ దొరుకుద్ది, ఎంతవుద్ది. నేనేమో కుక్క సంగతి కాసేపు పక్కన పెట్టి, మీ మనిషికి పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఎక్కడెక్కడ పని ఆగిపోతోందో చెప్పండి అంటాను, దాంతో సగం మంది మళ్ళీ మెసేజే పెట్టరు. ఈవిడేదో తప్పించుకుంటోంది అనుకుంటారో ఏమో. అందుకే తెలిసిందంతా ఒకచోట రాసి పెడుతున్నా.

నేను ట్రైనర్ని కాదు, డాక్టర్ని అసలే కాదు. అక్కావాళ్ళు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటారు, మేం పక్క టౌన్‌లో, కాబట్టి అప్లికేషన్ నింపిన దగ్గర్నుంచి కుక్క ఇంటికొచ్చేదాకా జరిగిందంతా దగ్గరుండి చూశాను. అంతే నా అర్హత.

బావగారిది తెనాలి దగ్గర ఊరు. చిన్నప్పుడు చీకటి పడితే కనపడేది కాదంట, సెకండ్ షోకి వెళ్తే హాల్లో ఫ్రెండ్ చొక్కా పట్టుకుని సీటు దాకా వెళ్ళేవాడినని ఇప్పుడు నవ్వుతూ చెప్తారు. రేచీకటి అన్నారు, మునగాకు తినిపించారు, చేపనూనె మాత్రలు మింగించారు, ఏం చేసినా తగ్గలేదు. తగ్గదు కూడా, ఎందుకంటే అది విటమిన్ లోపం వల్ల వచ్చింది కాదు, రెటినైటిస్ పిగ్మెంటోసా. అందరూ ఆర్పీ అంటారు. వాళ్ళ అమ్మానాన్నలది మేనరికం. జీన్‌లో లోపం ఇద్దరి దగ్గరా దాగి ఉండి పిల్లాడికి రెండు వైపుల నుంచీ వచ్చేసే రకం జబ్బులు దగ్గర సంబంధాల్లో ఎక్కువ పడతాయి, ఆర్పీలో చాలా కేసులు ఆ రకమే. రెటీనాలో చీకట్లో చూడ్డానికి ఉండే కణాలు ముందు పోతాయి, ఆ తర్వాత పక్క చూపు తగ్గుకుంటూ వస్తది, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగులుద్ది. అమెరికాలో చూపు వెడల్పు 20 డిగ్రీలకి మించకపోతే, ఎదురుగా ఉన్న అక్షరాలు చదవగలిగినా సరే లీగల్లీ బ్లైండ్ కిందే లెక్క. బావగారు ఫోన్‌లో మెసేజ్ చదువుతారు, కానీ పక్కనే ఉన్న చెత్తడబ్బా తన్నుకుని పడతారు. ఇది చూసినవాళ్ళకి అర్థం కాదు, "ఫోన్ చూస్తున్నాడు కదా, ఇతనికి కుక్కెందుకు" అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు, మనవాళ్ళే.

సరే, అసలు విషయం. గైడ్ డాగ్ కావాలంటే ముందు తెల్ల కర్రతో తిరగడం రావాలి. ఇది చాలామందికి తెలీదు, కర్ర పట్టుకోవడం నామోషీ అని దాని బదులు కుక్క తెచ్చుకుందాం అనుకుంటారు. గైడ్ డాగ్ స్కూళ్ళు అడిగే మొదటి విషయాల్లో ఓరియంటేషన్ అండ్ మొబిలిటీ ట్రైనింగ్ అయిందా లేదా అన్నది ఒకటి, అంటే కర్రతో సొంతంగా రోడ్డు దాటడం, ట్రాఫిక్ చప్పుడు విని ఏ వైపు బండ్లు కదులుతున్నాయో పట్టుకోవడం, నాలుగు సందులు గుర్తుపెట్టుకుని గమ్యానికి చేరడం. ఎందుకంటే కుక్కకి దారి తెలీదు. ఆఫీసుకి తీసుకెళ్ళు అంటే తీసుకెళ్ళిపోయే జీపీఎస్ కాదది. ఎటు వెళ్ళాలో మనిషి చెప్పాలి, ఫార్వర్డ్, లెఫ్ట్, రైట్ అని, మధ్యలో గుంటలూ స్తంభాలూ మనుషులూ తగలకుండా తీసుకెళ్ళడం దాని పని. సిగ్నల్ చూసి దాటిస్తది అనుకుంటారు, అదీ కాదు, కుక్క కళ్ళకి ఎరుపూ ఆకుపచ్చా మనకి తెలిసినట్టు తెలీవు, ఎప్పుడు దాటాలో ట్రాఫిక్ విని నిర్ణయించేది బావగారే. ఆయన ఫార్వర్డ్ అన్నప్పుడు బండి దూసుకొస్తుంటే మాత్రం అది కదలదు, అడ్డంగా నిలబడిపోద్ది. చెప్పిన మాట వినడం నేర్పడం తేలిక, ఎప్పుడు వినకూడదో నేర్పడం కష్టం, గైడ్ డాగ్ ట్రైనింగ్‌లో గొప్పంతా అక్కడే ఉంది.

కర్రకీ కుక్కకీ తేడా ఇంకోటుంది, బావగారు చెప్తే గానీ నాకూ తట్టలేదు. కర్ర అడ్డాన్ని తగిలి చెప్తది, ఇక్కడ బెంచీ ఉంది, ఇక్కడ స్తంభం ఉంది అని, వాటితోనే మనసులో దారి మ్యాప్ గీసుకుంటారు. కుక్క వాటిని తగలనివ్వదు, పక్కనుంచి తీసుకెళ్ళిపోద్ది, దాంతో ఆ గుర్తులన్నీ మాయం. స్పీడ్ పెరుగుద్ది, సమాచారం తగ్గుద్ది. కొంతమందికి ఇది నచ్చదు, కర్రే హాయి అంటారు, అది కూడా సరైన నిర్ణయమే, దాంట్లో ఓడిపోయిందేం లేదు. అదే తల ఎత్తులో వేలాడే కొమ్మ కర్రకి అందదు, కుక్క చూసి తప్పిస్తది. బావగారి నుదుటి మీద రెండు మచ్చలున్నాయి, రెండూ కొమ్మలవే, అవి కుక్క రాకముందువి.

ఇప్పుడు ఎంపిక సంగతి. మేం ఎంచుకోలేదు, స్కూల్‌వాళ్ళు ఎంచారు. ఇక్కడికి దగ్గర్లో మోరిస్‌టౌన్‌లో ద సీయింగ్ ఐ అని ఉంది, అమెరికాలో గైడ్ డాగ్ స్కూళ్ళకి పెద్దన్నయ్య. మోరిస్ ఫ్రాంక్ అని నాష్‌విల్ కుర్రాడు, చూపు లేదు, స్విట్జర్లాండ్‌లో డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ ఆవిడ కుక్కలకి ట్రైనింగ్ ఇస్తోందని తెలిసి అక్కడిదాకా వెళ్ళి 1928లో బడ్డీ అనే షెపర్డ్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. తర్వాతేడు 1929లో ఇద్దరూ కలిసి నాష్‌విల్‌లో స్కూల్ పెట్టారు, ఆ తర్వాత న్యూజెర్సీకి మార్చారు. ఫీజు మొదటి కుక్కకి 150 డాలర్లు, తర్వాత తీసుకునే వాటికి 50, మిలిటరీలో చేసినవాళ్ళకి 1 డాలర్. ఆ 150లోనే కుక్క, ట్రైనింగ్, అక్కడ ఉండడం, తిండి, హార్నెస్ (కుక్క ఒంటికి కట్టే పట్టీ, మనిషి పట్టుకునే హ్యాండిల్ దానికే ఉంటది) అన్నీ. ఒక కుక్కని తయారు చెయ్యడానికి వాళ్ళకయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు, అదంతా విరాళాల మీద నడుస్తది. మరి ఆ 150 ఎందుకంటే, ధర్మానికి ఇచ్చారు అనిపించుకోకుండా నేను కట్టి తెచ్చుకున్నా అని చెప్పుకోడానికి. మా బావగారి లాంటి మనిషికి అది చాలా పెద్ద విషయం.

కుక్కపిల్లలు ఏడెనిమిది వారాల వయసులో వాలంటీర్ల ఇళ్ళకి వెళ్తాయి, ఏడాది పైన అక్కడ పెరిగి, మళ్ళీ స్కూల్‌కొచ్చి నాలుగు నెలల పాటు ట్రైనర్ చేతిలో నలుగుతాయి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, గోల్డెన్, లాబ్ గోల్డెన్ కలిసిన క్రాస్, ఎక్కువగా ఇవే. వీటిలో నాకిది కావాలి అని వేలు పెట్టి చూపించడానికి కుదరదు, ఇష్టాయిష్టాలు చెప్పుకోవచ్చంతే. వాళ్ళు చూసేది వేరు. ఎత్తెంత, బరువెంత, నడక ఎంత వేగం, రోజూ ఎంత నడుస్తారు, ఉండేది పల్లెటూరి రోడ్డా పెద్ద సిటీనా, ఎస్కలేటర్లున్నాయా, ఇంట్లో చిన్నపిల్లలెంతమంది, ఎవరికన్నా కుక్కంటే భయమా, అలర్జీనా, ఆఫీసులో ఎక్కడ కూర్చుంటారు, చివరికి గొంతు మెత్తనా గట్టినా అన్నది కూడా. మెత్తగా మాట్లాడే మనిషికి మొండి కుక్కనిస్తే అది నెత్తికెక్కుద్ది, గట్టిగా అరిచే మనిషికి సున్నితమైనదాన్నిస్తే బెదిరి ముడుచుకుపోద్ది.

అన్నిటికంటే నాకు నచ్చింది జూనో వాక్, అంటే కుక్కని ఎంచే ముందు మనిషి నడక చూసే పరీక్ష. కుక్క ఉండదు. ట్రైనరే కుక్క. ఆయన హార్నెస్ ముందు భాగం చేత్తో పట్టుకుని ముందు నడుస్తాడు, వెనక హ్యాండిల్ బావగారి ఎడం చేతిలో. "జూనో, ఫార్వర్డ్" అని ఆర్డరెయ్యాలి. వయసులో తనకంటే పెద్దాయన్ని అలా అనడానికి నోరు రాక బావగారు మొదట్లో చివర ప్లీజ్ తగిలించారట, ట్రైనర్ నవ్వి, కుక్కకి ప్లీజ్ అక్కర్లేదు, బాగా చేస్తే గుడ్ గర్ల్ అనండి చాలు అన్నాడట. ఫుట్‌పాత్ మీద ఆయన కాసేపు మెల్లగా, కాసేపు జోరుగా, మధ్యలో కావాలని పక్కకి లాగుతూ, ఒకచోట టక్కున ఆగిపోతూ నడిచాడు. ఆ హ్యాండిల్‌లో ఎంత లాగుడు ఉంటే బావగారి అడుగు కుదురుగా పడుతోందో, ఎంత ఉంటే భుజం బిగుసుకుంటోందో చేత్తోనే లెక్క కట్టేశాడు. బావగారు రోజూ మెట్రోపార్క్ స్టేషన్లో ట్రైనెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్లో దిగుతారు, అక్కడ మెల్లగా నడిస్తే వెనకాలవాళ్ళు తొక్కేస్తారు, కాబట్టి ఆయన నడక వేగం. నిదానంగా నడిచే కుక్కనిస్తే ఆయనే దాన్ని తోసుకుంటూ వెళ్ళాల్సొచ్చేది.

చివరికి వచ్చింది లాబ్ గోల్డెన్ క్రాస్, ఆడది, మధ్యస్థం సైజు. రైల్లో సీటు కింద కాళ్ళ దగ్గర సర్దుకుంటది, గుంపులో కంగారుపడదు, ఇంట్లో ఇద్దరు పిల్లలు మీద పడ్డా పట్టించుకోదు. పేరు రాయను. పేరు తెలిస్తే మనవాళ్ళ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డులో ఎవరో ఒకరు పిలిచేస్తారు, పని మీద ఉన్న కుక్కని పేరు పెట్టి పిలవడమంటే బండి నడిపేవాడి కళ్ళు మూసినంత పని. (నిమరడం కూడా అంతే, దయచేసి హార్నెస్ ఉన్నంతసేపు చేతులు దగ్గరపెట్టుకోండి.) అదే మా బావగారి బదులు ఒంటరిగా ఉండి రోజుకి మైళ్ళకి మైళ్ళు నడిచే మనిషైతే, దువ్వడం, పని చెప్పడం మీద ఓపికుంటే షెపర్డ్ బాగా సెట్టయ్యేదేమో. ఒకే స్కూలు, ఒకే బ్యాచ్, అయినా ఒకరి కుక్క ఇంకొకరికి పనికిరాదు.

కుక్కతో కలిసి నడవడం నేర్పే క్లాసు మూడు నాలుగు వారాలు స్కూల్లోనే ఉండి చెయ్యాలి. బావగారికి అక్కడ ఇబ్బంది పెట్టింది లేని చూపు కాదు, ఉన్న కాస్త చూపు. కుక్క కుడికి తప్పిస్తుంటే ఈయన ఆ గొట్టంలోంచి ఏదో చూసి ఎడమకి లాగేవారు, కొన్ని వాక్‌లు కళ్ళకి గంతలు కట్టుకుని చేయించారంట. కొంచెం చూపున్నవాళ్ళు ఎవరన్నా ఆలోచిస్తుంటే ఈ సంగతి ముందే తెలిసుండడం మంచిది.

ఇల్లు సంగతికొస్తా. మన ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు. బావగారి అమ్మగారు వాళ్ళతోనే ఉంటారు, మడి ఆచారం గట్టిగానే ఉన్న మనిషి. కుక్క అనగానే "నేను ఇండియా వెళ్ళిపోతా" అన్నారు. మా అక్క వాదించకుండా పూజ గదికీ వంటింటికీ గేటు పెట్టించింది, చిన్నపిల్లలకి పెడతారే అలాంటిది. నిజానికి గేటు అవసరం కూడా పడలేదు, చాప వేసి ప్లేస్ అంటే అక్కడే ఉండే కుక్క అది. తిండి కూడా కొలతే, పొద్దున ఇంత సాయంత్రం ఇంత, పెట్టేది బావగారొక్కరే, ఎందుకంటే అది ఆయన కుక్క, ఆయన మాటే దానికి లెక్క అవ్వాలి. అసలు గొడవ వచ్చేది చుట్టాలతో. వ్రతానికొచ్చిన ప్రతివాళ్ళకీ దానికి ప్రసాదం పెట్టాలనిపిస్తది, పాపం చూస్తోంది కదా అని. కిస్మిస్ కుక్కల కిడ్నీలు పాడు చేస్తది, ద్రాక్ష కూడా, ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పడానికి లేదు, కొన్నింటికి కాసిన్ని చాలు. ఉల్లిపాయ, వెల్లుల్లి, చాక్లెట్, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, అన్నీ విషమే. మన వంటలో ఇవి లేనిదేముంది చెప్పండి. అక్క ఇప్పుడు రవకేసరిలో కిస్మిస్ వెయ్యడం మానేసి జీడిపప్పు ఒక్కటే వేస్తోంది. కుక్క కోసం ప్రసాదం మారుద్దా అని మొదట్లో దీర్ఘాలు తీసిన అక్క వాళ్ళ అత్తగారే మొన్న మా ఇంట్లో పాయసం గిన్నె చూసి "ఇందులో అవి ఉన్నాయి, కింద పడనివ్వకండి" అన్నారు.

ఇక షుగర్ కుక్కల సంగతి. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తా. షుగర్ పడిపోయినప్పుడు ఒంట్లోంచి వచ్చే వాసన మారుద్ది, కుక్కలకి ఆ వాసన నేర్పించొచ్చు, ఇది నిజం. షుగర్ తక్కువున్నప్పుడు తీసిన ఉమ్మి, చెమట దూదిలో పట్టి ఫ్రీజర్‌లో దాచి, దాంతో ట్రైనింగ్ ఇస్తారు. కానీ పరిశోధనల్లో ఒక్కో కుక్కకి ఒక్కోలా వచ్చింది, కొన్ని బాగా పట్టాయి, కొన్ని చాలా తప్పాయి. కుక్క కూడా నిద్రపోద్ది, అలిసిపోద్ది, బాల్ కనపడితే మర్చిపోద్ది. చర్మానికి అంటించుకునే సెన్సర్ ఐదు నిమిషాలకోసారి రీడింగ్ పంపి అర్ధరాత్రి అమ్మ ఫోన్ మోగిస్తది. నా ఫ్రెండ్ ఒకమ్మాయి కూతురి కోసం ఒక ప్రైవేట్ ట్రైనర్ దగ్గర వేల డాలర్లు కట్టి కుక్కపిల్లని తెచ్చుకుంది, అది వాసన సంగతి దేవుడెరుగు, కార్పెట్ మీద పాడు చెయ్యడం కూడా మానలేదు, ఇంట్లోనే ట్రైనింగ్ పూర్తవుద్ది అని చెప్పి పంపేశారు. వర్జీనియాలో 2018లో అటార్నీ జనరల్ ఇలాంటి షుగర్ కుక్కలు అమ్మే ఒక కంపెనీ మీద కేసే వేశారు, అంటే ఎంత దూరం వెళ్ళిందో చూడండి. సెన్సర్ పెట్టుకున్నాక కూడా షుగర్ పడిపోతున్న సంగతి ఒంటికి తెలియని వాళ్ళకి, దానికి తోడుగా కుక్క ఉంటే మంచిదే. సెన్సర్ బదులు కుక్క అంటే మాత్రం నేను వద్దంటా.

ఫిట్స్ విషయంలోనూ ఇలాంటిదే. ఫిట్స్ వచ్చాక పక్కన ఉండడం, బెల్ నొక్కడం, ఇంట్లోవాళ్ళని పిలుచుకురావడం, ఇవి నేర్పించొచ్చు. రాబోతున్నాయని ముందే చెప్పడం కొన్ని కుక్కలకి వాటంతటవే వస్తది, దాన్ని గ్యారంటీగా నేర్పిస్తాం అని డబ్బులడిగేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి.

చెవులు వినపడని వాళ్ళ కుక్కకి సైజుతో పని లేదు, చిన్న కుక్కైనా సరిపోద్ది. బెల్ మోగినా, పొగ అలారం మోగినా, పాప ఏడ్చినా వచ్చి కాలితోనో ముక్కుతోనో తట్టి, చప్పుడు వచ్చిన చోటుకి తీసుకెళ్తది. చురుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి చేద్దామా అన్నట్టుండే కుక్క కావాలి దీనికి, గైడ్ డాగ్‌కి కావాల్సిన నిబ్బరం వేరే రకం. మామగారి గురించి అడిగినాయనకి నేను చెప్పింది మాత్రం, ఆయన ఎక్కువగా ఇంట్లోనే ఉంటారు, కుక్కంటే అట్టే ఇష్టం లేదు, కాబట్టి లైట్ వెలిగే కాలింగ్ బెల్, మంచం ఊపే అలారం పెట్టించండి, అయిపోద్ది అని.

మోకాళ్ళావిడ సంగతి. కింద పడ్డ తాళాలు అందించే, తాడు లాగి ఫ్రిజ్ తీసే, లైట్ స్విచ్ నొక్కే కుక్క వేరు, మీద చెయ్యేసి లేవడానికి ఊతమిచ్చే కుక్క వేరు. రెండోదానికి మనిషి ఎత్తుకీ బరువుకీ తగ్గట్టు పెద్ద కుక్క కావాలి, తుంటి ఎముకలు, మోచేతులు ఎక్స్‌రే తీయించి బాగున్నాయని తేలాలి, ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే రెండేళ్ళు వచ్చేదాకా, బరువు వెయ్యకూడదు. అడ్డదిడ్డంగా బరువేస్తే దాని నడుం పోద్ది. మెట్లకి రెండు వైపులా రెయిలింగ్, ఒక ఫిజియోథెరపిస్ట్, ఇవయ్యాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కుక్క.

ఆటిజం బాబు వాళ్ళమ్మతో ఎక్కువసేపు మాట్లాడాను. ఈ కుక్కని పట్టుకునేది పిల్లాడు కాదు, అమ్మో నాన్నో. కుక్క, పిల్లాడు, పెద్దవాళ్ళు, ముగ్గురూ కలిసి ఒక టీమ్. చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదకి పరిగెత్తే పిల్లాడికైతే బెల్టుతో కుక్కకి కట్టే పద్ధతుంది, దాని మీద ట్రైనర్లలోనే రెండు మాటలున్నాయి, పిల్లాడు పెరిగి బరువెక్కాక అది కుక్కకి యాతన. ఇంకొన్ని కుక్కలు పిల్లాడు బాగా అల్లాడిపోతున్నప్పుడు ఒళ్ళో పడుకుని బరువు మోపుతాయి, దాంతో కుదుటపడే పిల్లలుంటారు. మీ వాడికి మీద బరువు పడితే హాయా చిరాకా, కుక్క అరుపుకి చెవులు మూసుకుంటాడా, తడి ముక్కు తగిలితే ఏం చేస్తాడు, ముందు తెలిసినవాళ్ళ కుక్క దగ్గరికి నాలుగుసార్లు తీసుకెళ్ళి చూడమన్నాను. స్కూల్‌కి పంపాలంటే అక్కడ కుక్కని చూసుకునేది ఎవరో కూడా ముందే తేల్చుకోవాలి, టీచరమ్మ నెత్తిన పెట్టడానికి కుదరదు. మీరు రోజుకి రెండు ఉద్యోగాలు చేస్తూ వాడి థెరపీలకి పరిగెడుతుంటే, ఇంకో ప్రాణం బాధ్యత మీ మీద పడుద్ది, వాడి మీద కాదు, అది కూడా లెక్కలో వేసుకోండి అంటే ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు.

కాగితాల విషయం. నెట్లో డబ్బులు కట్టగానే సర్టిఫికెట్, ఐడీ కార్డు, జాకెట్ పంపే సైట్లు బోలెడు. అమెరికాలో వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల కోసం ఉన్న ఏడీఏ చట్టం కింద సర్వీస్ డాగ్‌కి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఆ కార్డుకి విలువా లేదు. షాపువాళ్ళు రెండే ప్రశ్నలు అడగొచ్చు, ఈ కుక్క వైకల్యం కారణంగా అవసరమైనదా, ఏ పనికి ట్రైనింగ్ ఇచ్చారు అని. జబ్బేంటి అని అడగకూడదు. 2011 మార్చి నుంచి ఆ చట్టం కింద సర్వీస్ యానిమల్ అంటే కుక్క ఒక్కటే, చిన్న జాతి గుర్రాలకి విడిగా ఒక రూలుంది, జోక్ కాదు. పక్కన ఉంటే మనసుకి బాగుంటది అనే ఎమోషనల్ సపోర్ట్ కుక్క ఇందులోకి రాదు, అదే పానిక్ అటాక్ వచ్చినప్పుడు ఫలానా పని చెయ్యాలని నేర్పిన కుక్కైతే వస్తది. సొంతంగా ట్రైనింగ్ ఇచ్చుకోడానికి కూడా చట్టం ఒప్పుకుంటది, కానీ తరతరాలుగా ఇదే పని కోసం పెంచే స్కూళ్ళలోనే బోలెడు కుక్కలు మధ్యలో తేలిపోతాయి, బొమ్మలా ఉందని బ్రీడర్ దగ్గర కొన్న పిల్ల నెగ్గుతుందో లేదో మీరే ఆలోచించుకోండి.

చట్టం ఉన్నా చిక్కులు ఉంటాయి. ఒక రైడ్ యాప్ డ్రైవర్ కుక్కని చూడగానే బండి ఆపకుండా వెళ్ళిపోయాడు, చలికాలం, రోడ్డు మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు దాని పాదాలకి మండుతోంది, బావగారు అక్కడే నిలబడి ఇంకోటి బుక్ చేసుకున్నారు. గుళ్ళకి ఏడీఏ వర్తించదు, మతసంస్థలకి మినహాయింపు ఉంది, కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కుంటాం, వద్దంటే ఆ రోజు కర్ర, లేదా మాలో ఒకరం బయట కుక్కతో కూర్చుంటాం. విమానంలో సర్వీస్ కుక్క ఉచితంగానే వస్తది, ఎయిర్‌లైన్ అడిగితే ఫారం నింపాలి, 8 గంటలు దాటే ప్రయాణమైతే మలమూత్రాల గురించి ఇంకో ఫారం కూడా అడగొచ్చు. ఇండియాకి మాత్రం బావగారు తీసుకెళ్ళట్లేదు. క్వారంటైన్ కాగితాల తలనొప్పి ఒకటి, అదైనా పడొచ్చు, కానీ మన ఫుట్‌పాత్‌ల మీద బండ్లూ బళ్ళూ, ప్రతి సందులో వీధి కుక్కల గుంపూ, దాని ట్రైనింగ్ మొత్తం అక్కడ చెడిపోద్ది అని ఆయన భయం. తెనాలి వెళ్తే కర్ర, పక్కన తమ్ముడి భుజం.

ఇంతా విన్నాక కూడా కావాలి అనిపిస్తే స్కూళ్ళకి ఫోన్ చెయ్యండి. గైడ్ డాగ్‌లకి ఇంటర్నేషనల్ గైడ్ డాగ్ ఫెడరేషన్, మిగతా వాటికి అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ గుర్తింపు ఉన్నవాటి లిస్టులుంటాయి, అక్కడ మొదలుపెట్టండి. కనైన్ కంపానియన్స్ లాంటివి 1975 నుంచి ఉన్నాయి, కుక్కకి డబ్బులు తీసుకోరు. తిండికీ వెట్‌కీ అయ్యే ఖర్చు మాత్రం చాలాచోట్ల మీదే, అది ట్యాక్స్‌లో మెడికల్ ఖర్చు కింద చూపించుకోవచ్చు, బిల్లులు దాచుకోండి. ఫోన్‌లో అడగాల్సినవి, కుక్క ఎవరి పేరు మీద ఉంటది, మా మనిషికి సరిపడకపోతే వెనక్కి తీసుకుని ఇంకోటి ఇస్తారా, ఇంటికొచ్చాక ట్రైనర్ మళ్ళీ వస్తాడా, ఎనిమిది పదేళ్ళు పనిచేసి రిటైరయ్యాక అది మా దగ్గరే ఉండొచ్చా. వెయిటింగ్ ఎంత అని మొదటి కాల్‌లోనే కనుక్కోండి, కొన్నిచోట్ల ఏళ్ళు పడుద్ది, చూపు సమస్యైతే ఆ లోపు కర్ర ట్రైనింగ్‌కి పేరిచ్చెయ్యొచ్చు, న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి స్టేట్ కమిషన్ ఫర్ ద బ్లైండ్ వాళ్ళే ట్రైనర్ని ఇంటికి పంపిస్తారు.